అలిఫ్‌ మీద కాపలా

మేము పుట్టగానే వినేది అరబ్బీ. బిడ్డ చెవిలో చెప్పే అజాన్‌తో మొదలై జనాజా నమాజు దాకా ఆ భాష మా వెంట ఉంటుంది. కాని మేము దాన్ని మాట్లాడం. ఇంట్లో మాట్లాడేది కొందరం తెలుగు, కొందరం ఉర్దూ, చాలామందిమి రెండూ కలిపిన మాట. దూదేకుల ఇళ్లలోనైతే తరతరాలుగా తెలుగే. అమ్మ నోట్లో దువా, తాత చేతిలో తస్బీ, గోడ మీద అద్దం కట్టించిన ఆయతుల్‌ కుర్సీ. అరబ్బీతో మాకున్న సంబంధం అంతవరకే.

ఇంటర్నెట్టు వచ్చాక గోడ మీది అక్షరం ఫోనులోకి వచ్చింది. సలాముగా వచ్చింది, పండుగ శుభాకాంక్షగా వచ్చింది, ఖురాన్‌ యాప్‌గా వచ్చింది, వాట్సాప్‌ స్టేటస్‌గా వచ్చింది. రాగానే దాని చుట్టూ కాపలా మొదలైంది. బస్సులో పక్క సీటువాడు దాన్ని ఓరకంట చూస్తాడు. పోలీసు చూస్తాడు. అమెరికా కంపెనీ పెట్టిన యంత్రం చూస్తుంది. అరబ్బు దేశాల్లో రాజుగారి జల్లెడ చూస్తుంది. మా మౌల్సాబు చూస్తాడు. ఇందరు కాపలా కాస్తున్న అక్షరానికి స్వేచ్ఛ ఉందా లేదా అన్న చర్చ తెలుగులో ఎందుకు జరగలేదు? ఇంటర్నెట్‌ స్వేచ్ఛ అనగానే మన మేధావులు ఇంగ్లీషు గురించి మాట్లాడతారు, లేదంటే చైనా గురించి మాట్లాడతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ముస్లిం పిల్ల తన ఫోనులో ‘బిస్మిల్లా’ అని రాసుకుని, నలుగురిలో ఉన్నప్పుడు తెర తిప్పేసుకుంటుందే, అది స్వేచ్ఛకు సంబంధించిన విషయం కాదా? కానేకాదని ఎవరు తేల్చారు?

ఈ పేరులోనే ఒక సంగతి ఉంది. దిల్‌ అన్నది ఫారసీ. సుఖ్‌, నగర్‌ సంస్కృతం నుంచి వచ్చినవి. రోజూ వేలాదిమంది ఈ కలగలుపు మాటను నోరారా పలుకుతూ బస్సెక్కుతున్నారు. 2018 సెప్టెంబరు నుంచి మెట్రో కూడా ఎక్కుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్‌, ఎల్‌.బి.నగర్‌. నాలుగు స్టేషన్ల దారి. నల్గొండ, ఖమ్మం జిల్లాల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో ఉంటారు, కోచింగ్‌ సెంటర్లలో కూర్చుంటారు. మలక్‌పేట, సైదాబాద్‌ గల్లీల నుంచి మా పిల్లలూ వస్తారు. ఇన్ని కంప్యూటర్‌ కోర్సుల బోర్డులున్న ఈ రోడ్డు మీద అరబ్బీ అక్షరం, తెలుగు అక్షరం కంప్యూటర్‌లోకి ఎట్లా వచ్చాయో చెప్పే పాఠం ఎక్కడా ఉండదు. యంత్రానికి కులం, మతం లేవని మాత్రం చెబుతారు. మేము ఆ మాటను నమ్మలేకపోతున్నాం.

ఎందుకంటే యంత్రం ఇంగ్లీషు కోసం పుట్టింది. మిగిలిన భాషలన్నీ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అరబ్బీ అక్షరం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మాటలో ఎక్కడ ఉన్నదాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. మొదట ఒక రకం, నడుమ ఒక రకం, చివర ఒక రకం, ఒంటరిగా ఉంటే ఇంకో రకం. అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఇవేవీ తెలియని సాఫ్ట్‌వేర్‌లో అరబ్బీ మాటను పడేస్తే అక్షరాలు దేనికది విడిపోతాయి, వెనక్కి తిరిగి నిలబడతాయి. ఫ్లెక్సీల మీద, బోర్డుల మీద అట్లా విరిగిన అరబ్బీని ఎన్నిసార్లు చూశామో! అచ్చు వేసినవాడికి తెలియదు, వేయించుకున్నవాడూ గమనించడు. తెలుగువాళ్లకు ఈ బాధ తెలియంది కాదు. ఒత్తులు ఊడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి, అక్షరం ఉండాల్సిన చోట డబ్బాలు కనబడిన రోజులు అందరం చూశాం. ప్రపంచ లిపులన్నిటికీ చోటిస్తామన్న యూనికోడ్‌ తొలి రూపం 1991లో వచ్చింది. తెలుగు, అరబ్బీ రెండూ అందులో ఉన్నాయి. కాగితం మీద చోటు దొరికినా మామూలు కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా కనబడటానికి 2001లో విండోస్‌ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు దాకా ఆగాల్సి వచ్చింది.

ఉర్దూది ఇంకో కథ. అరబ్బీ లిపినే ఉర్దూ నస్తలీక్‌ శైలిలో, ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి వాలినట్టు రాస్తుంది. దాన్ని యంత్రం చేతికి ఇవ్వడానికి పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్‌ జమీల్‌ వేల అక్షర జోడింపుల్ని చేత్తో రాశాడు. 1981లో లాహోర్‌ ‘జంగ్‌’ పత్రిక ఆ నూరీ నస్తలీక్‌తో అచ్చయింది. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్‌ తయారైంది. అప్పటిదాకా చాలా ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాత మీదనే బతికాయి. ఐఫోన్‌లోకి నస్తలీక్‌ 2017లో గాని రాలేదు. అదే ఏడాది నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. చట్టంలో చోటు, ఫోనులో చోటు ఒకే ఏడు దొరికాయన్న మాట. దుకాణం బోర్డు మీద, మనిషి మనసులో చోటు దొరికిందా అన్నది వేరే ప్రశ్న.

చోటివ్వని యంత్రంతో జనం ఎట్లా నెగ్గుకొచ్చారో కూడా చెప్పుకోవాలి. మా పెళ్లి రుఖాల మీద పైన 786 అని ఉంటుంది. అలిఫ్‌కి ఒకటి, బేకి రెండు, జీమ్‌కి మూడు అంటూ అక్షరానికో విలువ కట్టే అబ్జద్‌ లెక్కలో బిస్మిల్లా మొత్తం విలువ అది. పవిత్రమైన పేరు కాళ్ల కింద పడకూడదని పెద్దలు అంకెల్లో దాచుకున్నారు. ఇది సరికాదనే ఆలిములూ ఉన్నారు. ఆ సంగతి అట్లా ఉంచితే, 1990లలో అరబ్బు దేశాల కుర్రకారు కూడా ఇట్లాంటి పనే చేశారు. కంప్యూటర్‌లో, సెల్‌ఫోన్‌లో అరబ్బీ లేకపోతే ఇంగ్లీషు అక్షరాల్లోనే అరబ్బీ రాశారు. ఇంగ్లీషులో లేని శబ్దాలకు అంకెలు పెట్టారు. ఐన్‌కి 3, గట్టి హా కోసం 7, హంజాకి 2. మా తాతలు భక్తితో చేసిన పనిని వాళ్లు అవసరం కొద్దీ చేశారు. మా పిల్లలు తెలుగుని, ఉర్దూని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నది కూడా ఆ అవసరం కొద్దే. అక్షరం లేని చోట మనిషి దారి వెతుక్కుంటాడు. అక్షరం వచ్చాక కూడా దాన్ని వాడటానికి భయపడాల్సి వస్తే ఏ దారి వెతుక్కోవాలి?

ఆ భయం ఊరికే రాలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌ బస్టాపు దగ్గర, మిర్చీ సెంటర్‌ దగ్గర రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. చచ్చిపోయినవాళ్లు కోచింగ్‌కి వచ్చినవాళ్లు, టిఫినుకి ఆగినవాళ్లు, ఇంటికి పోయే బస్సు కోసం చూస్తున్నవాళ్లు. 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ కోర్టు ఇండియన్‌ ముజాహిదీన్‌కి చెందిన ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ హంతకులకు మా నమాజులో చోటు లేదు. ఈ మాట చెప్పడానికి మాకు ఎవరి ఒత్తిడీ అక్కర్లేదు. ముజాహిదీన్‌ అన్న మాటను వాళ్లు ఎత్తుకుపోయారు. జిహాద్‌ అంటే ముందు మనిషి తన లోపలి చెడుతో చేసే పోరాటమని మా నానీలు చెప్పిన మాట ఆ పొగలో కనబడకుండా పోయింది. ఐతే హంతకుడు ఎత్తుకుపోయిన మాటను హంతకుడిదేనని ఒప్పేసుకోవడం ఏం న్యాయం? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకి వచ్చినవాళ్లు చచ్చిపోతే, పోలీసులు మా కుర్రాళ్లనే పట్టుకెళ్లారు. వాళ్లలో చాలామందిని తర్వాత కోర్టు నిర్దోషులని వదిలేసింది. పోయిన రోజుల్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

2021 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లని ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజా’ అన్న మాట కోసం వెతికారు. ఆ వీడియోలు ఊరంతా చూసింది. ఇవాళ గంజాయి పేరుతో వెతికిన చెయ్యి రేపు ఇంకే మాట కోసం వెతుకుతుంది? అదే ఏడు మే నెలలో పోలీసులు రోడ్డు మీద ఆపి ఫొటో తీస్తే, ఎస్‌.క్యూ. మసూద్‌ ఊరుకోలేదు. ముఖాలు గుర్తుపట్టే యంత్రాల వాడకం మీద హైకోర్టుకి వెళ్లాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. గడ్డం, టోపీ ఉన్న ముఖాన్ని ఒక యంత్రం చూస్తుంది, ఫోనులో ఉన్న అక్షరాన్ని ఇంకో యంత్రం చూస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా చూడటం మావల్ల కావడం లేదు.

ఇక ఆ రెండో యంత్రం సంగతి. 2017 అక్టోబరులో ఒక పాలస్తీనా కూలీ బుల్డోజర్‌ పక్కన నిలబడిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి అరబ్బీలో ‘శుభోదయం’ అని రాశాడు. అనువాద యంత్రం దాన్ని హీబ్రూలోకి ‘వాళ్ల మీద దాడి చెయ్యండి’ అని మార్చింది. ఇజ్రాయెల్‌ పోలీసులు అతన్ని పట్టుకెళ్లి, కొన్ని గంటల తర్వాత పొరపాటని వదిలేశారు. 2023 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో కొందరు పాలస్తీనీయులు తమ పరిచయంలో పాలస్తీనీ అని, పక్కన అల్‌హందులిల్లా అని రాసుకుంటే, అనువాదంలో యంత్రం ‘ఉగ్రవాదులు’ అన్న మాటను తనంత తాను చేర్చింది. కంపెనీ క్షమాపణ చెప్పింది. తుమ్మితే మేము అనే మాట అల్‌హందులిల్లా. కడుపునిండా తిని లేచి అనే మాట అల్‌హందులిల్లా. దాని పక్కన ఉగ్రవాది అన్న మాట యంత్రానికి ఎట్లా తోచింది? మనుషులు రాసినదంతా చదివే కదా యంత్రం నేర్చుకునేది! లోకం మా గురించి ఏం రాసిందో అదే అది మాకు అప్పజెప్పింది.

షహీద్‌ మాట సంగతి ఇంకా విచిత్రం. ఫేస్‌బుక్‌ నడిపే మెటా కంపెనీ వేదికల మీద, ఏ ఒక్క మాటకన్నా ఎక్కువగా తొలగింపులకు కారణమైంది ఈ మాటేనట. నిషేధ జాబితాలో ఉన్నవాళ్ల పేరు పక్కన ఆ మాట కనబడితే చాలు, సందర్భం చూడకుండా తీసేసేవారు. వార్త రాసినా పోయేది, విమర్శ రాసినా పోయేది. ఆ కంపెనీ నిర్ణయాల్ని సమీక్షించే పర్యవేక్షక మండలి 2024 మార్చిలో ఇది అతి అని తేల్చింది. జులైలో కంపెనీ నియమం మారుస్తామంది. ఇన్నేళ్లూ పోయిన రాతల మాటేమిటి? భగత్‌సింగ్‌ని దేశమంతా షహీద్‌ అంటుంది. పంజాబులో ఒక జిల్లాకే ఆయన పేరుతో ఆ మాట ఉంది. ఒకే మాట ఒకరి నోట దేశభక్తి, ఇంకొకరి నోట నేరం అవుతోంది. మాటలో లేని తేడా వినేవాడి చెవిలో ఉంది. 2021 మే నెలలో పాలస్తీనా రాతల మీద ఆ కంపెనీ ఏం చేసిందో పరిశీలించి 2022లో వెలువడిన నివేదిక కూడా అరబ్బీ రాతల మీద అవసరానికి మించి వేటు పడిందనే చెప్పింది.

ఇంత చెప్పాం కనుక అరబ్బు రాజుల్ని వెనకేసుకొస్తామని ఎవరూ అనుకోవద్దు. అరబ్బీని అందరికన్నా ఎక్కువగా నోరు నొక్కింది వాళ్లే. సౌదీలో 1999లో జనానికి ఇంటర్నెట్టు ఇస్తూనే దేశంలోకి వచ్చే ప్రతి పేజీ ఒకే ప్రభుత్వ సంస్థ జల్లెడ గుండా వచ్చేట్టు ఏర్పాటు చేశారు. తన అభిప్రాయాలు నెట్‌లో రాసినందుకు రాయిఫ్‌ బదావీని 2012లో జైల్లో పెట్టారు. 2014లో పదేళ్ల జైలు, వెయ్యి కొరడా దెబ్బలు శిక్ష వేశారు. 2015 జనవరి 9న జిద్దాలో, శుక్రవారం నమాజు అయ్యాక, మసీదు ముందు, తొలి 50 దెబ్బలు కొట్టారు. 2022లో గాని బయటికి రాలేదు. ఈజిప్టులో 2011 జనవరి 28న, జనం తహ్రీర్‌ చౌక్‌లో నిలబడగానే, ముబారక్‌ ప్రభుత్వం దేశం మొత్తానికి ఇంటర్నెట్టు తీగ కోసేసింది. ఐదు రోజులు అట్లాగే ఉంచింది. దాన్ని చూసి మన టీవీలు నోరు వెళ్లబెట్టాయి. 2019 ఆగస్టు 5న కాశ్మీరులో అదే పని మన ప్రభుత్వం చేసినప్పుడు ఆ నోళ్లు తెరుచుకోలేదు. అక్కడ 4జీ మళ్లీ రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. ఇంటర్నెట్టుని గడువు లేకుండా ఆపేయడం కుదరదని నడుమ 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినా అంతకాలం పట్టింది. నియంతకి భాషాభేదం లేదు. అరబ్బీలోనూ తీగ కోస్తాడు, హిందీలోనూ కోస్తాడు.

ఇదంతా ముస్లింల గొడవ కదా అనుకునే మిత్రులకి ఒక్క మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు నుంచి ఎడారికి పోయినవాళ్లలో మహబూబ్‌లే కాదు, ఎల్లయ్యలూ ఉన్నారు. కడప నుంచి కువైట్‌ ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల జీతం, సెలవు, తిరిగొచ్చే హక్కు అరబ్బీలో రాసి ఉంటాయి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం, రెండు భాషల్లో రాసుకున్న ఒప్పందంలో తేడా వస్తే అరబ్బీలో ఉన్నదే చెల్లుతుంది. వేలిముద్ర వేసిన ఎల్లయ్యకి ఆ అక్షరం రాదు. ఇంటికి ఫోను చేద్దామంటే, సౌదీలో 2017 సెప్టెంబరు దాకా ఇంటర్నెట్‌ కాల్స్‌ బంద్‌. దుబాయిలో వాట్సాప్‌ కాల్స్‌ ఏళ్ల తరబడి బంద్‌. పెళ్లాంతో మాట్లాడటానికి దొంగదారి యాప్‌ కోసం వెతుక్కున్న కూలీకి ఇంటర్నెట్‌ స్వేచ్ఛ అంటే ఏమిటో ఏ సెమినారూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా పిల్లలు మదర్సాలో, మసీదు వరండాలో నాజిరా చదువుతారు. అంటే అక్షరం వస్తుంది, అర్థం రాదు. ఖురాన్‌ మొత్తం తప్పు లేకుండా చదవగలిగిన ఆడపిల్ల అందులో తన వాటా గురించి, తన తలాఖ్‌ గురించి ఏముందో ఎవరినో అడిగి తెలుసుకోవాలి. ఆ ‘ఎవరో’ ఎప్పుడూ మగవాడే. నెట్‌ వచ్చాక ఈ గుత్తాధిపత్యం కూలుతుందనుకుంటే, యూట్యూబ్‌లో కొత్త మౌల్సాబులు దిగారు. దర్గాకి పోవడం తప్పు, పీర్ల పండుగ తప్పు, తెలుగు పేరు తప్పు, బొట్టు పెట్టుకున్న పక్కింటామె చేతి అట్లు తినడం తప్పు అంటారు. గల్ఫ్‌ వేషం వేసిన ఇస్లాంని అసలు ఇస్లాం అంటారు. అర్థం తెలియనివాళ్ల మీద అరబ్బీ వాక్యం ఒకటి విసిరితే చాలు, నోరు మూతపడుతుంది. యంత్రం అరబ్బీని చూసి అనుమానిస్తుంది, మావాళ్లు అరబ్బీని విని దణ్ణం పెడతారు. రెండు చోట్లా అర్థం అడిగే దిక్కు లేదు.

దీనికి విరుగుడు అరబ్బీని వదిలేయడం కాదు, తెలుగు అర్థంతో దాన్ని దగ్గరికి తీసుకోవడం. అది అంత తేలికా కాదు. తెలుగు లిపిలో దువాల పుస్తకాలు చాలా వచ్చాయి. ఉర్దూ రాని మావాళ్లకు అవే ఆధారం. ఐతే అరబ్బీలో రెండు వేరు వేరు ‘క’లు ఉన్నాయి. గొంతు లోపలి ‘క’తో కల్బ్‌ అంటే హృదయం. మామూలు ‘క’తో అంటే కుక్క. మన లిపిలో ఈ తేడా చూపించే ఏర్పాటు లేదు. ఇట్లాంటి వాటికి గుర్తులు ఏర్పాటు చేసుకోవడం, శబ్దంతో పాటు అర్థం వినిపించే తెలుగు యాప్‌లు తయారు చేసుకోవడం దిల్‌సుఖ్‌నగర్‌లో కోడింగ్‌ నేర్చుకున్న పిల్లలు చేయగలిగిన పని. ఖురాన్‌ని తొలిసారి తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు గారు. ముస్లిం కాదు, భాషా పండితుడు. ఆయనకు అరబ్బీ లిపి భయం పుట్టించలేదు. ఇదే ఊళ్లో 1888లో పుట్టిన దాయిరతుల్‌ మఆరిఫ్‌ ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. అల్‌ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్‌ కానూన్‌ అల్‌ మసూదీ’ని 1954-56లో అరబ్బీలో అచ్చేసింది ఆ సంస్థే. దిల్‌సుఖ్‌నగర్‌కి కొద్ది మైళ్ల దూరంలో అచ్చయిన అరబ్బీ అది. చుక్కల లెక్కలు, గ్రహణాల లెక్కలు ఉన్న అరబ్బీ. దాని సంగతి ఈ రోడ్డు మీద ఎందరికి తెలుసు?

2010 మేలో తొలిసారి అరబ్బీ లిపిలో వెబ్‌ చిరునామాలు వచ్చాయి. ఈజిప్టు, సౌదీ, ఎమిరేట్స్‌ తమ పేర్లు తమ లిపిలో రాసుకున్నాయి. 2013 అక్టోబరులో కొత్త చిరునామాలు మొదలైనప్పుడు ముందు వచ్చినవాటిలో ‘షబకా’ ఒకటి. వల అని దాని అర్థం. భారత్‌ అన్న చిరునామాకు తెలుగు లిపిలోనూ ఉర్దూ లిపిలోనూ అనుమతి దొరికింది. చిరునామా వరకు వచ్చాం. ఆ ఇంట్లో నిర్భయంగా కూర్చుని మాట్లాడుకోవడమే మిగిలింది.

లౌకిక మిత్రులారా, మీ తెలుగులో జిల్లా, తాలూకా, వకీలు, వసూలు, జవాబు, ఖాళీ, తారీఖు అరబ్బీ నుంచి వచ్చినవే. అసలు అన్న మాట కూడా అరబ్బీయే. రైతు అన్న మాటా అంతే. తెలుగు లిపిలో ఉన్నంతసేపు వాటిని మీరు అనుమానించలేదు. అలిఫ్‌, బే రూపంలో కనబడగానే ఎందుకు ఉలిక్కిపడతారు? మా బాధ మీద సానుభూతి కవిత్వం రాయడానికి ముందు, ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయో మమ్మల్ని ఒక్కసారి అడగండి. కోర్టు కాగితం లేకుండా మా ఫోను తెరిపిస్తే మాతోపాటు నిలబడండి. ఏ రాత ఎందుకు తీసేశారో మా భాషలో, మా భాష వచ్చిన మనిషి చేత చెప్పించమని కంపెనీల్ని మాతోపాటు నిలదీయండి. మా మౌల్సాబుని మేము చూసుకుంటాం. అర్థం అడగటం మా ఆడపిల్లలు మొదలుపెట్టారు, ఇక ఆగరు.

మా సలాముకి అర్థం మేమే చెబుతాం. పోలీసు, యంత్రం, రాజు, మౌల్వీ తర్వాత వినొచ్చు. ఇది మేము అడుక్కుంటున్న దయ కాదు, మా హక్కు. హక్కు కూడా అరబ్బీ మాటే.